నన్ను నీళ్లలోకి తోసిన చేయి

ఒక మాట నాలోనే ఉండిపోయింది. ఇన్నేళ్లూ దాన్ని మోశాను. మోస్తున్నట్టు ఎవరికీ కనపడకుండా మోయడం ఇంకో బరువు. ఈమధ్యదాకా మా ఆవిడకు చెప్పలేదు. పాస్టరుగారికి చెప్పలేదు. ఒంటరిగా ప్రార్థన చేసుకునేటప్పుడు కూడా, తెలిసినవాణ్ణి చూసి వీధి దాటేసే మనిషిలా, ఆ మాట పక్క నుంచి తప్పుకుని వెళ్లిపోయేవాణ్ణి. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీ దగ్గర నోరు విప్పగలుగుతున్నానేమో. నా పేరు మాత్రం రాయను. ధైర్యం చాలక కాదు అని రాయబోయాను. కొట్టేశాను. ధైర్యం చాలకే.

నేను సముద్ర సైనికుణ్ణి. ఇప్పుడు రిటైరయ్యాను. పుట్టింది, పెరిగింది అండమాన్ దీవుల్లోని బాంబూఫ్లాట్‌లో. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి కూలిపనికి ఓడెక్కి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. మా నాన్న పడవలు బాగుచేసే చోట వెల్డరు. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, ఆదివారం చర్చిలో మళ్లీ తెలుగు. నేను దళంలో చేరిన రోజు మా నాన్న చర్చి అంతటికీ మిఠాయి పంచాడు. దళం పేరు మీకు అక్కర్లేదు. ఓడలో ప్రయాణం చేసి, పడవలోకి దిగి, ఒడ్డు మీద కాలు పెట్టి పోరాడే సిపాయిలం మేము. అంత తెలిస్తే చాలు.

మొదటి పాఠం చెప్పిన ఉస్తాద్‌ని మరిచిపోలేను. ట్రైనింగ్‌లో పాఠం చెప్పేవాళ్లని మేము ఉస్తాద్ అనేవాళ్లం. ఆయన మమ్మల్ని తడి ఇసుకలో కూర్చోబెట్టి అడిగాడు. ఓడ నావికుడిది, నేల సిపాయిది, మరి ఈ రెంటికీ మధ్యనున్న కెరటాల జాగా ఎవరిది? మనది, అని తనే అన్నాడు. తరవాత చరిత్ర మొదలుపెట్టాడు. తెరచాప ఓడల కాలంలో కొందరు సిపాయిలను ఓడ మీదే ఉంచేవారట. వాళ్లు తెరచాపల స్తంభాలెక్కి శత్రువు ఓడ మీదికి తుపాకులు పేల్చేవారు. రెండు ఓడలూ ఒరుసుకున్నప్పుడు కత్తులతో అవతలికి దూకేవారు. సొంత ఓడలో నావికులు తిరగబడితే కెప్టెన్‌కి కాపలా కాసేదీ వాళ్లే. అంతకు ఎన్నో వందల ఏళ్ల ముందే రాజేంద్ర చోళుడు సైన్యాన్ని ఓడలెక్కించి ఈ సముద్రం దాటించాడనీ, మన నికోబార్ పేరు తంజావూరు శాసనంలో ఉందనీ ఆయన చెబితే నాకు ఒళ్లు గగుర్పొడిచింది. తరవాత ప్రపంచ యుద్ధం. అడుగు చదునుగా ఉండి, ముందు భాగం తలుపులా కిందికి తెరుచుకునే పడవలు. ఆ తలుపే ర్యాంప్. అది పడగానే దాని మీంచి పరుగెత్తి నీళ్లలోకి దూకాలి. ఇప్పటి సముద్ర సైనికుడి పని కూడా అక్కడి నుంచే మొదలవుతుంది. ముందుగా వెళ్లి ఒడ్డు లోతు చూసి రావడం, అనుమానంగా తిరిగే ఓడ ఎక్కి సోదా చేయడం, మనుషుల్లేని దీవుల్ని కాయడం, తుఫాను వస్తే అవే పడవల్లో బియ్యం, మందులు దించి గర్భిణుల్ని ఎక్కించుకు రావడం. ఎన్ని పనులున్నా అన్నీ ఆ ర్యాంప్ మీంచే, అనేవాడు ఉస్తాద్. ర్యాంప్ మీద ఆగిపోయినవాడికి మన దళంలో చోటు లేదు. ఆ మాట ఆయన నవ్వకుండా అన్నాడు.

ఆ మాటకు నేను భయపడ్డాను. ఈ కథకు మొదలు అక్కడే అనుకుంటాను.

ట్రైనింగ్ అయ్యాక పడవలో నా పక్కన కూర్చునేది ఎల్లాజీ భయ్యా. నాకంటే పెద్దవాడు, దళంలో ముందు చేరినవాడు. సిప్పీఘాట్ దగ్గరి మనిషే, కానీ వాళ్ల నాన్న చేపల వేట మానలేదు. పొలాల మధ్య ఇల్లు కట్టుకుని కూడా రోజూ సముద్రానికి వెళ్లే కుటుంబం. ఆయనకు సముద్రమంటే పిచ్చి. నాకేమో ఈత వచ్చు, అంతే. బరువు వీపున కట్టుకుని కెరటాల్లో ఈదడం ఆయనే నేర్పాడు. కెరటంతో కొట్టుకోవద్దురా, దాని కింద నుంచి పో, అనేవాడు. నాకు జ్వరం వస్తే తన వంతు కాక నా వంతు కాపలా కూడా కాసేవాడు. సెలవులకు వెళ్లినప్పుడు ఎండుచేపలు మూటకట్టి మా అమ్మకు పంపేవాడు. ఇవన్నీ ఎందుకు చెబుతున్నానంటే, ఆయన నాకు ఎవరో కాదని మీకు తెలియాలి. తెలియనివాడికి చేసిన ద్రోహమైతే ఇంత బరువుండేది కాదు.

ఆ రోజు మాది మామూలు అభ్యాసమే. ఒక చిన్న దీవి ఒడ్డున దిగాలి. తెల్లవారింది, గాలి ఎక్కువగా ఉంది, పడవ వెనక నుంచి కెరటాలు ఒకదాని మీద ఒకటి వస్తున్నాయి. వరుసలో మొదట నేను, నా వెనక ఎల్లాజీ భయ్యా. ర్యాంప్ పడింది. పరుగెత్తాను. చివరిదాకా వెళ్లాను. అక్కడ నా కాళ్లు ఆగిపోయాయి.

ఎందుకు ఆగిపోయాయో చాలాసార్లు ఆలోచించాను. నీళ్లు నల్లగా కనిపించాయి. అడుగు ఎక్కడుందో తెలియలేదు. అంతకుముందు ఎన్నోసార్లు దూకినవాణ్ణే, ఆ క్షణంలో మాత్రం నా ఒళ్లు నా మాట వినలేదు. భయం అంటే వణుకని అనుకునేవాణ్ణి. అది రాయిలా ఉంటుందని అప్పుడు తెలిసింది. పడవ పక్కకి తిరగడం మొదలుపెట్టింది. ర్యాంప్‌ను పట్టి ఉంచే లావు గొలుసు నా కుడి పక్కన మూలిగింది. విన్నాను. అది బిగుసుకుని, ఒక కొక్కెం దగ్గర విచ్చుకోవడం చూశాను కూడా. చూస్తూ నిలబడ్డాను.

అప్పుడు వీపు మీద ఒక చేయి పడింది. గట్టిగా, పక్కకి, ఎడమ వైపు నీళ్లలోకి తోసింది.

నేను పడుతూ ఉండగానే గొలుసు తెగింది. అప్పటిదాకా నా తల ఉన్న చోటి మీంచి కొరడాలా తిరిగి పడవ అంచుకు కొట్టుకున్న చప్పుడు నీళ్లలోకి కూడా వినిపించింది. నేను చచ్చిన పగడాల బండ మీద పడ్డాను. భుజం విరిగింది. వీపు మీది బరువు నన్ను అడుగుకు తొక్కేసింది. నోట్లోకి నీళ్లు పోయాయి. ఎవరో నా పట్టీలు విప్పుతున్నారని తెలిసింది. మెడ కింద చేయి వేసి లాగుతున్నారని తెలిసింది. ఒడ్డున కళ్లు తెరిచేసరికి ఎల్లాజీ భయ్యా నా మీదికి వంగి దగ్గుతున్నాడు. ఆయన మోచేతులు రెండూ చీరుకుపోయి ఉన్నాయి.

ఆ మనిషి నన్ను రెండుసార్లు బతికించాడు. ఒకసారి తోసి, ఒకసారి లాగి.

ఇక నేనేం చేశానో చెప్పాలి.

సిపాయికి దెబ్బ తగిలితే విచారణ ఉంటుంది. కట్టుతో, భుజం కదలకుండా, ఆఫీసరు ముందు నిలబడ్డాను. వెనక వరుసలోని వాళ్లకు ఎల్లాజీ చేయి నన్ను తోయడం మాత్రమే కనిపించింది. ఇంజను చప్పుడులో గొలుసు మూలుగు ఎవరికీ వినపడలేదు. వీడు ఆగిపోయాడు సాబ్, గొలుసు తెగబోతోంది, అందుకే తోశానని ఎల్లాజీ అప్పటికే చెప్పి ఉన్నాడు. నిజమో కాదో చెప్పగలిగింది నేనొక్కణ్ణే.

నువ్వు ఆగిపోయావా, అని అడిగాడు ఆఫీసరు.

లేదు సాబ్, అన్నాను. దిగబోతున్నాను. వెనక నుంచి తోశాడు.

గొలుసు మూలగడం విన్నావా?

లేదు సాబ్.

అంతే. కాసేపట్లో అయిపోయింది. తోశాడన్నది నిజం. ఆ నిజాన్ని అడ్డం పెట్టుకుని దాని వెనక రెండు అబద్ధాలు దాచాను. నేను ఆగకపోయి ఉంటే, ఆ తోపుకు అర్థం తొందరపాటే. తోటి సిపాయి భుజం విరగ్గొట్టిన తొందరపాటు. గొలుసు తెగడం ఆ తరవాత జరిగిన ప్రమాదం, దానికీ దీనికీ సంబంధం లేదు. అలా తేలింది. ఎల్లాజీని మా దళం నుంచి తప్పించి, సముద్రం కంటికి కూడా ఆనని ఊళ్లో గోడౌన్ల కాపలాకు పంపారు. పడవ పనికి పనికిరాడని.

ఆఫీసరు తప్పు లేదు. ఆయన నన్ను నమ్మాడు. నమ్మదగినవాడిలా నేను నిలబడ్డాను.

ఎల్లాజీ భయ్యా వెళ్లే రోజు జెట్టీకి వెళ్లాను. ఎందుకు వెళ్లానో? చెప్పేద్దామనా? లేక ఆయన నన్ను తిట్టి, ఆ లెక్క అక్కడితో సరిపెట్టేస్తాడని ఆశపడ్డానా? రెండోదే అయి ఉంటుంది. మెయిన్‌ల్యాండ్ ఓడకు జనం మూటలతో వరుస కట్టి ఉన్నారు. ఆయన తన ట్రంకుపెట్టె మీద కూర్చుని ఉన్నాడు.

"భుజం ఎలాగుందిరా?" అన్నాడు.

"కట్టు ఇంకా తియ్యలేదు భయ్యా."

నన్ను చూడకుండా అడిగాడు. "నువ్వు ఆగిపోనావు కదా?"

"ఆగిపోయాను."

"గొలుసు మూలిగింది ఇన్నావా, నేదా?"

"విన్నాను."

"మరి సాబ్ అడిగితే అలగ సెప్పీసావేటి?"

నేను భుజం మీది కట్టు సర్దుకున్నాను.

"అరే, బోల్ నా."

"భయమేసింది భయ్యా. నన్ను పంపేస్తారని."

"నన్ను పంపెత్తారని తెలీదేటి నీకు?"

"తెలుసు."

"ఊఁ. తెలుసు." లేచి ట్రంకుపెట్టె భుజానికెత్తుకున్నాడు. "ర్యాంపు మీద నువ్వు భయపడ్డందుకు నాకు కోపం నేదురా. నాకూ భయమేసింది. అందుకే అంత గట్టిగా తోసీసాను. ఇది మాత్రం తెలిసి సేసావు సూడు..." మాట పూర్తి చేయలేదు. "సరే, సల్. ఓడ కూతేసింది. తడిలో నిలబడకు, భుజం లాగేస్తది."

వెళ్లిపోయాడు. ఓడ మలుపు తిరిగేదాకా నిలబడ్డాను. ఆ సాయంత్రమే తిరిగి వెళ్లి ఆఫీసరుకు నిజం చెప్పి ఉండొచ్చు. మర్నాడు చెప్పి ఉండొచ్చు. ఆ నెలలో ఏ రోజైనా. ఒక్కో రోజు గడిచేకొద్దీ చెప్పడం ఇంకా కష్టమైంది, ఎందుకంటే చెబితే ఇన్నాళ్లు ఎందుకు చెప్పలేదో కూడా చెప్పాలి.

నేను కోలుకున్న మొదటి ఆదివారం మా అమ్మ చర్చిలో సాక్ష్యం చెప్పడానికి లేచింది. దేవుని కనపడని చేయి నా కొడుకుని ఆ గొలుసు కింద నుంచి తప్పించిందని ఏడుస్తూ చెప్పింది. అందరూ చేతులెత్తి స్తోత్రం అన్నారు. నేనూ అన్నాను. ఆ చేయి కనపడని చేయి కాదని, దానికి ఒక పేరుందని, ఆ పేరు గలవాడు ఎండలో గోడౌను గేటు దగ్గర నిలబడి ఉన్నాడని ఆ హాలులో నాకొక్కడికే తెలుసు. మా అమ్మ ఆ సాక్ష్యం నమ్ముతూనే పోయింది. ఆమె ఎండుచేపలు వడ్డిస్తే, ఒకప్పుడు వాటిని ఎవరు పంపేవాడో గుర్తొచ్చి, ఒకసారి అన్నం ముందు నుంచి లేచిపోయాను.

దళంలో పైకి వెళ్లాను. చాలా ఏళ్లకు, నేనే ఒక పడవకు నాయకుణ్ణయినప్పుడు, వానాకాలం అభ్యాసంలో ఒక కుర్ర సిపాయి ర్యాంప్ అంచున రాయిలా ఆగిపోయాడు. వాడి వెనక మెడ చూస్తూనే నాకు తెలిసిపోయింది. ఆలోచించలేదు. వాడి వీపు మీద చేయి వేసి తోశాను. వాడు నీళ్లలో పడి, లేచి, పరుగెత్తాడు. ఆఫీసరు శాబాష్ అన్నాడు. అందరి ముందు అన్నాడు. అదే పని. ఒకరిని గోడౌన్లకు పంపిన పని. ఆ రోజు టెంటులో బూట్లు విప్పుకోవడానికి కూర్చుని చాలాసేపు అలాగే ఉండిపోయాను.

అప్పుడైనా చెప్పానా? లేదు. అప్పటికే కొన్నేళ్లు ఉస్తాద్‌గా కూడా చేశాను. తడి ఇసుకలో కుర్రాళ్లను కూర్చోబెట్టి కెరటాల జాగా ఎవరిదని అడిగాను. ఇంకా ఘోరమైనది చెబుతాను. క్రమశిక్షణ గురించి చెప్పేటప్పుడు, ముందువాణ్ణి తోయకూడదని, ఒకసారి అలా తోసినందుకు ఒకడి భుజం విరిగిందని, పేరు లేకుండా ఎల్లాజీనే ఉదాహరణగా చెప్పాను. కుర్రాళ్లు తలలు ఊపేవారు. ఆ కుర్ర సిపాయిని తోసిన తరవాత ఆ ఉదాహరణ మానేశాను. మానేయడమే పశ్చాత్తాపం అనుకుని నన్ను నేను మెచ్చుకున్నాను కూడా.

రిటైరయ్యాక బడుల్లో మాట్లాడమని పిలిచేవారు. సముద్ర సైనికుల చరిత్ర, వాళ్ల విధులు. తెరచాప ఓడల దగ్గర మొదలుపెట్టి తుఫాను సాయం దాకా. పిల్లలు కళ్లు పెద్దవి చేసుకుని వినేవారు. ఈమధ్య సిప్పీఘాట్ వైపు ఒక బడికి వెళ్లాను. పిలిచిన టీచరమ్మ పేరు లావణ్య. మాట్లాడటం అయ్యాక నాకు టీ ఇస్తూ అంది.

"సర్, మా డాడీ భీ మీ యూనిట్‌లోనే ఉండేవారంట. ఎల్లాజీ. చెవి ఖరాబ్ అయిందని పంపేశారంట."

చెవి. ఇంట్లో అలా చెప్పుకున్నాడు.

"చిన్నప్పుడు ఓడలో మెయిన్‌ల్యాండ్ వెళ్తే డాడీ డెక్ మీదకే వచ్చేవారు కాదు సర్. లోపలే కూచునేవారు. సముద్రమంటే డర్ అని మేము నవ్వేవాళ్లం." ఇప్పుడు కూడా నవ్వింది. "మీకు తెలుసా ఆయన?"

"తెలుసమ్మా," అన్నాను. ఇంకేదో పనుందని చెప్పి బయటపడ్డాను.

తిరుగు బస్సెక్కి కూర్చున్నాను. నేను ఆయన పడవ పని మాత్రమే పోగొట్టానని ఇన్నాళ్లూ అనుకుంటున్నాను. సముద్రపు పిచ్చి ఉన్న మనిషి. ఆయన పిల్లలు ఆయన్ని చూసి నవ్వారు. ఆయన నవ్వనిచ్చాడు. నా పేరు చెప్పలేదు. నన్ను కాపాడటానికా, తన పరువు కోసమా, లేక ఆ పేరు నోట్లోకి రానివ్వడం ఇష్టంలేకా? అడిగే హక్కు నాకు లేదు.

తరవాతి ఆదివారం చర్చి అయ్యాక ఫెర్రీ పడవలో అవతలికి దాటి, బస్సెక్కి వాళ్ల ఇంటికి వెళ్లాను. లావణ్య తలుపు తీసింది. పెరట్లో ఎల్లాజీ భయ్యా ఎండిన వక్కల పొట్టు తీస్తున్నాడు. జుట్టంతా నెరిసింది. నన్ను చూసి గుర్తుపట్టాడు. కూర్చోమనలేదు, పొమ్మనలేదు. నిలబడే చెప్పాను. ఆయనకు కాదు, లావణ్యకు చెప్పాను. ఆయనకు తెలిసిందే కదా. మీ నాన్న చెవి బాగానే ఉందమ్మా. ఎవరికీ వినపడని గొలుసు చప్పుడు ఆ చెవికే వినపడింది. ర్యాంప్ మీద ఆగిపోయింది నేను. ఆయన నన్ను తోసి బతికించాడు. ఆగలేదని, వినలేదని నేను అబద్ధం చెప్పాను. అందుకే ఆయన్ని పంపేశారు. ఇదంతా ఆగి ఆగి చెప్పాను.

ఆ అమ్మాయి ఏడవలేదు. నా ముఖంలోకి చూసి, "ఇప్పుడు ఎందుకు చెప్తున్నారు సర్?" అంది. మర్యాద తప్పని గొంతే. కానీ బడిలో టీ ఇచ్చిన గొంతు కాదు.

ఆయన వైపు తిరిగాను. అనాలనుకున్నది క్షమించమని. దారంతా అదే మాట వల్లె వేసుకున్నాను. నోటి నుంచి వచ్చింది వేరే.

"నన్ను తోసినందుకు... థాంక్స్ భయ్యా."

అప్పుడు అర్థమైంది. ఇన్నేళ్లలో ఆయనకు నేను ఒక్కసారైనా కృతజ్ఞత చెప్పలేదు. చెప్పాలంటే ముందు ఒప్పుకోవాలి. తప్పు దాచినవాణ్ణి, దాంతో పాటు కృతజ్ఞతనూ దాచాల్సి వచ్చింది. నా పెళ్లి, నా పిల్లలు, మొన్న పుట్టిన మనవరాలి అరచేయి, పొద్దున్నే ఫెర్రీ మీద మొహానికి తగిలే గాలి, అమ్మ చివరి రోజుల్లో పక్కన ఉండగలగడం, ఇవన్నీ ఆయన ఇచ్చినవి. ఇచ్చినవాడి పేరు చెప్పకుండా అనుభవించాను. అదంతా ఆయనతో అనలేకపోయాను. మీతో అంటున్నాను.

ఎల్లాజీ భయ్యా చేతిలో వక్కను అటూ ఇటూ తిప్పాడు. "ఊఁ," అన్నాడు. కూతురితో, "పంపు కట్టీసొస్తాను," అని తోటలోకి వెళ్లాడు. తిరిగి వస్తాడని ఎదురుచూశాను. రాలేదు. లావణ్య గేటు దాకా వచ్చి, "వచ్చే ఏడాది పిల్లలకి ఇది భీ చెప్తారా సర్?" అని అడిగింది. చెబుతానన్నాను. నమ్మిందో లేదో తెలియలేదు.

తరవాత పాత దళానికి కూడా వెళ్లి ఇప్పటి ఆఫీసరుకు చెప్పాను. ఓపిగ్గా విన్నాడు. ఎప్పుడో ముగిసిపోయిన విషయం, ఇప్పుడు మార్చగలిగింది ఏమీ లేదన్నాడు. మా ఆవిడకు చెప్పాను. ఆమె ఆ రోజంతా నాతో మాట్లాడలేదు. మర్నాడు, ఎల్లాజీగారికి ఎంతమంది పిల్లలని మాత్రం అడిగింది.

ఎల్లాజీ భయ్యా క్షమించాడా? ఆ ఊఁలో ఏముందో నాకు తెలియదు. కోపం ఉండొచ్చు. అలసట ఉండొచ్చు. ఏదున్నా అది ఆయనది, దాన్ని నేను అడుక్కోను. ఆ ఆదివారం సిప్పీఘాట్ నుంచి తిరిగి వచ్చేటప్పుడు ఫెర్రీలో పై డెక్ మీద నిలబడ్డాను. నీళ్ల మీద ఎండ ఇంకా ఉంది. పక్కన కూరగాయల బుట్టతో ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. ఎక్కడి నుంచి వస్తున్నావు బేటా, అని అడిగింది. ఊరికే మాట కలపడానికి అడిగింది.

"నన్ను బతికించిన మనిషిని చూసి వస్తున్నాను," అన్నాను.

ఆ ఇంటి బయట అలా పైకి అనడం అదే మొదటిసారి.